ఒక్క ఫిరంగి, 160 మంది: ఒహాయోలో ఫోర్ట్ స్టీఫెన్సన్ కథ తెలిసినవాళ్లు చెప్తారా?

కొలంబస్_కుర్రాడు:
పిల్లలతో సీడార్ పాయింట్ అనే వినోద పార్కుకు వెళ్తూ దారిలో ఫ్రీమాంట్ అనే చిన్న ఊళ్లో ఆగాం. అక్కడి పబ్లిక్ లైబ్రరీ ముందు ఒక పాత ఫిరంగి, పైన సిపాయి విగ్రహం ఉన్న ఎత్తయిన స్తంభం, దాని దగ్గరే ఒక సమాధి కనిపించాయి. లైబ్రరీకి సమాధితో ఏం పని? బోర్డు మీద 1813, ఫోర్ట్ స్టీఫెన్సన్, మేజర్ క్రోగన్ అని ఉంది. మావాడు ఫిరంగి ఎక్కి కూర్చుంటానని గొడవ చేస్తుంటే పూర్తిగా చదవలేకపోయాను. 1812 యుద్ధం అంటే బ్రిటిష్‌వాళ్లు వైట్‌హౌస్ తగలబెట్టారన్నది తప్ప నాకేమీ తెలియదు. కాస్త వివరంగా చెప్పండి.

పాతచరిత్ర:
మీరు నిలబడిన ఆ లైబ్రరీ ఆవరణే ఒకప్పటి కోట. కోట అంటే రాతి గోడలు ఊహించుకోకండి. ఇంచుమించు ఒక ఎకరం నేల, చుట్టూ నిలువుగా పాతిన దుంగల కంచె, కంచె బయట కందకం, మూలల్లో దుంగలతో కట్టిన బురుజులు. అంతే. అప్పట్లో ఆ ఊరి పేరు లోవర్ సాండస్కీ. సాండస్కీ నది పక్కనే పారుతుంది. ఆ నదిలో దిగువకు వెళ్తే ఈరీ సరస్సు వస్తుంది.

ముందు సందర్భం తెలియాలి. 1812 జూన్‌లో అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. రెండు నెలలు తిరక్కుండానే డెట్రాయిట్ కోటను జనరల్ హల్ యుద్ధం చేయకుండానే అప్పగించేశాడు. 1813 జనవరిలో రైజిన్ నది దగ్గర అమెరికన్ దళం ఓడిపోయింది. గాయపడి బందీలుగా దొరికినవాళ్లలో చాలామందిని మర్నాడు బ్రిటిష్ పక్షాన ఉన్న ఆదివాసీ యోధులు చంపేశారు. బ్రిటిష్ కమాండర్ ప్రాక్టర్ వాళ్లకు సరైన కాపలా పెట్టకుండా వెళ్లిపోయాడన్న కోపం అమెరికన్లలో ఎప్పటికీ పోలేదు. ఆ ఏడాది ఒహాయో జనం ఎంత టెన్షన్‌తో బతికారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వాయవ్య సైన్యానికి అధిపతి విలియం హెన్రీ హారిసన్. తర్వాత ప్రెసిడెంట్ అయి నెల రోజులకే చనిపోయాడే, ఆయనే. మే నెలలో మామీ నది మీదున్న ఫోర్ట్ మెగ్స్‌ను ప్రాక్టర్ ముట్టడించాడు, కుదరలేదు. జులైలో మళ్లీ వచ్చాడు. ఈసారి బ్రిటిష్‌వాళ్లతో చేతులు కలిపిన ఆదివాసీ నాయకుడు టెకుమ్సే దళం అడవిలో ఉత్తుత్తి యుద్ధం చేసింది, సాయానికొచ్చే సైన్యం మీద దాడి జరుగుతోందనుకుని లోపలివాళ్లు పరుగెత్తుకొస్తారని. వాళ్లు రాలేదు. దాంతో ప్రాక్టర్ పడవలెక్కి సరస్సు మీదుగా సాండస్కీ నదిలోకి వచ్చాడు. అక్కడ ఉన్నది ఈ చిన్న కోట. అందులో 160 మంది, ఒకే ఒక్క ఫిరంగి. కోటకు అధికారి జార్జ్ క్రోగన్, వయసు 21.

లైబ్రరీ_పురుగు:
21 ఏళ్ల కుర్రాడికి కోట ఎలా అప్పగించారని అడుగుతారేమో. కెంటకీలోని లూయీవిల్ దగ్గర పెద్ద కుటుంబం వాళ్లది. విప్లవ యుద్ధంలో పేరు తెచ్చుకున్న జార్జ్ రోజర్స్ క్లార్క్‌కి మేనల్లుడు. లూయిస్‌తో కలిసి పసిఫిక్ తీరందాకా నడిచిన విలియం క్లార్క్ కూడా మేనమామే. అలాగని మేనమామల పేరు మీదే పదవి వచ్చిందనడం అన్యాయం, అంతకుముందే ఫోర్ట్ మెగ్స్ ముట్టడిలో పనితనం చూపించాడు.

పాతచరిత్ర:
అసలు కథకు వస్తాను. జులై 29 రాత్రి హారిసన్ అధికారులందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయన మకాం అక్కడికి తొమ్మిది మైళ్ల ఎగువన ఫోర్ట్ సెనెకాలో. పెద్ద ఫిరంగుల ముందు ఈ కోట నిలబడదని అందరూ ఒకే మాట అన్నారు. వెంటనే కోట తగలబెట్టి వచ్చేయమని క్రోగన్‌కు ఉత్తరం పంపారు. పట్టుకెళ్లినవాళ్లు రాత్రి అడవిలో దారి తప్పారు. మర్నాడు పదకొండు గంటలకు గానీ ఉత్తరం చేరలేదు. అప్పటికే చుట్టుపక్కల అడవిలో టెకుమ్సే పక్షం యోధులు తిరుగుతున్నారు.

క్రోగన్ రాసిన జవాబు చాలా చిన్నది. మీ ఉత్తరం ఆలస్యంగా అందింది, అమలు చేసే వీలు లేదు, ఈ చోటు నిలబెట్టుకోవాలని నిశ్చయించుకున్నాం, దేవుడి తోడు నిలబెట్టుకోగలం అని. అది చదివి హారిసన్‌కు ఒళ్లు మండింది. ఈ కుర్రాడు నాకే ఎదురు చెప్తాడా అని పదవి నుంచి తీసేసి పిలిపించాడు. కోటకు వేరే కర్నల్‌ను పంపాడు. సెనెకాకు వెళ్లిన క్రోగన్ సంజాయిషీ చెప్పుకుని మళ్లీ తన కోటకే తిరిగొచ్చాడు. ఆగస్టు 1న బ్రిటిష్ పడవలు కనిపించాయి.

మాజీ_హవల్దార్:
ఒక్క నిమిషం అండి. వీరగాథలోకి వెళ్లేముందు నాదొక మాట. నేను సైన్యంలో పని చేసినవాణ్ణి. పైవాడు వచ్చేయమని రాస్తే, నేను రాను, నిలబడతాను అని రాయడాన్ని మేము ధైర్యం అనం. ఓడిపోయి ఉంటే అదే ఉత్తరం కోర్టు మార్షల్‌లో మొదటి సాక్ష్యం అయ్యేది. గెలిచాడు కాబట్టి ఫిరంగి, స్తంభం, సమాధి.

లైబ్రరీ_పురుగు:
హవల్దార్ గారూ, మీరు చెప్పింది సగమే. హారిసన్ అంతకుముందు ఇచ్చిన ఆదేశం కూడా చూడాలి. శత్రువు పెద్ద ఫిరంగులతో నీటి మార్గాన వస్తే, తప్పుకోవడానికి సమయం ఉండగానే తెలిస్తే, సరుకులు తగలబెట్టి వచ్చేయమన్నాడు. అదే ఆదేశంలో ఇంకో మాట కూడా రాశాడు. ఆదివాసీ యోధులు ఎదురుగా ఉండగా వెనక్కి తగ్గే ప్రయత్నం వృథా, వాళ్ల మీద మాత్రం ఎంతమంది వచ్చినా కోటలో భద్రంగా ఉంటారు అని. అంటే పెద్దాయనే రెండు తలుపులు తెరిచి పెట్టాడు. జులై 30 పగలు క్రోగన్‌కు కనిపించింది రెండో పరిస్థితి. బయటికి వస్తే దారిలో దొరికిపోతారు, లోపలుంటే గోడైనా ఉంటుంది.

మాజీ_హవల్దార్:
ఆ లెక్క ఒప్పుకుంటాను. అయితే "ఆలస్యమైంది, దారి మూసుకుపోయింది" అని రాసి ఊరుకుంటే సరిపోయేది కదా. "నిశ్చయించుకున్నాం" ఎందుకు?

లైబ్రరీ_పురుగు:
దానికి క్రోగన్ హారిసన్‌కు చెప్పిన కారణం ఇది. ఉత్తరం శత్రువుల చేతిలో పడొచ్చు, వాళ్లు చదివితే ఇక్కడ బలం ఎక్కువ ఉందనుకోవాలి, అందుకే అంత గట్టిగా రాశాను అన్నాడు. హారిసన్ నమ్మాడు.

మాజీ_హవల్దార్:
నమ్మాడా, నమ్మినట్టు ఊరుకున్నాడా? సంజాయిషీ బాగుంది, కాదనను. అవసరం పడ్డాక చెప్పింది కదా, నేను పూర్తి మార్కులు వేయను. సరే, పాతచరిత్ర గారూ, యుద్ధం చెప్పండి.

పాతచరిత్ర:
ముందు సంప్రదింపుల తంతు జరిగింది. తెల్లజెండాతో వచ్చిన బ్రిటిష్ అధికారులను కలవడానికి ఎన్‌సైన్ షిప్ అనే కుర్ర అధికారి బయటికి వెళ్లాడు. లొంగిపోకపోతే మావెంట ఉన్న యోధులను మేము ఆపలేం అని వాళ్లు బెదిరించారు. రైజిన్ నది సంగతి అందరికీ గుర్తుంది కాబట్టి ఆ బెదిరింపు అర్థం చెప్పనక్కర్లేదు. లొంగేది లేదని షిప్ చెప్పి వచ్చేశాడు.

తర్వాత ఆ సాయంత్రం, రాత్రి, మర్నాడూ గుండ్ల వాన. పడవల మీది ఫిరంగులు, ఒడ్డుకు దించిన ఫిరంగులు కలిపి కొట్టాయి. క్రోగన్ తన ఒక్క ఫిరంగిని అక్కడోసారి, ఇక్కడోసారి జరుపుతూ పేల్చాడు, చాలా ఉన్నాయనిపించడానికి. మందుగుండు తక్కువ కాబట్టి అప్పుడప్పుడే. బ్రిటిష్ గుండ్లన్నీ వాయవ్య మూల మీదే పడుతున్నాయని చూసి, దాడి అక్కడే వస్తుందని పసిగట్టాడు. ఆ మూల కంచెకు లోపలివైపు పిండి బస్తాలు, ఇసుక బస్తాలు పేర్పించాడు. అందుకే గుండ్లు తగిలినా కంచె కూలలేదు.

ఆ రాత్రే ఫిరంగిని ఒక బురుజులోకి చేర్చి, కందకం పొడవునా కొట్టేలా గురిపెట్టి, దాని కంత బయటికి కనపడకుండా మూసి ఉంచాడు. ఫిరంగిలో మామూలుగా వేసే మందులో సగమే వేసి, ఇనుప ముక్కలు, చిన్న గుండ్లు మాత్రం రెండింతలు దట్టించారు. కొట్టాల్సిన దూరం ముప్పై అడుగులే కదా.

ఆగస్టు 2 సాయంత్రం లెఫ్టినెంట్ కర్నల్ షార్ట్ ముందుండి తన దళాన్ని పొగలోంచి వాయవ్య మూలకు నడిపించాడు. తుపాకుల దెబ్బకు ఒకసారి తడబడినా మళ్లీ సర్దుకుని కందకంలోకి దూకారు. వాళ్ల దగ్గర నిచ్చెనలు లేవు. కంచె నరకడానికి గొడ్డళ్లే గతి. కందకం మనుషులతో నిండిన క్షణంలో కంత తెరుచుకుంది. షార్ట్ అక్కడే చనిపోయాడు. ఇంకో దళం దక్షిణం వైపు ఆలస్యంగా చేరి, తుపాకుల ధాటికి వెనుదిరిగింది. మొత్తం అరగంట పని.

అమెరికన్లలో ఒకరు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, దొరకనివాళ్లు కలిపి వందకు దగ్గరగా. తెల్లవారకముందే ప్రాక్టర్ పడవలెక్కి వెళ్లిపోయాడు. హడావుడిలో సామాన్లున్న పడవ ఒకటి కూడా వదిలేశాడు.

సుగుణ_సిన్సినాటి:
ఈ కథలో నాకు నచ్చిన ముక్క మీరు వదిలేశారు. ఆ రాత్రి కందకంలో పడి ఉన్న బ్రిటిష్ క్షతగాత్రులు దాహంతో అరుస్తుంటే, లోపలివాళ్లు కంచె మీదుగా బకెట్లతో నీళ్లు దించారు. కంచె కింద చిన్న గొయ్యి తవ్వి, పాకగలిగినవాళ్లను లోపలికి రానిచ్చారు. బయట శత్రువులు ఇంకా ఉన్నారు, తలుపు తీయలేరు. మా అబ్బాయికి స్కూల్ ప్రాజెక్టు కోసం ఇది చదివాను. వాడు ఫిరంగి బొమ్మే గీశాడు, బకెట్ గీయమంటే వినలేదు.

కొలంబస్_కుర్రాడు:
అద్భుతంగా చెప్పారండీ. ఒక అనుమానం. తొమ్మిది మైళ్ల దూరంలోనే ఉన్న హారిసన్ సాయం ఎందుకు రాలేదు? ఫిరంగుల చప్పుడు వినపడే ఉంటుంది కదా?

పాతచరిత్ర:
వినపడింది. ఆయన దగ్గర ఉన్న సైన్యం తక్కువ, మధ్యలో అడవి, అందులో టెకుమ్సే వాళ్లు కాచుకుని ఉండొచ్చు. బయటికి వస్తే ఫోర్ట్ మెగ్స్‌లో పారని ఎత్తు ఇక్కడ పారేది. అయినా పత్రికలు ఏకి పారేశాయి. ఆయన కింది అధికారులు చాలామంది సంతకాలు పెట్టి జనరల్ చేసింది సరైనదే అని ప్రకటన ఇచ్చారు. క్రోగన్ కూడా ఆయన పక్షానే నిలబడ్డాడు. 1840లో హారిసన్ ప్రెసిడెంట్‌గా పోటీ చేసినప్పుడు ప్రత్యర్థులు ఈ విషయాన్ని మళ్లీ తవ్వారు. పాతికేళ్లు దాటినా వదల్లేదు.

ఇంకోటి చెప్పాలి. యుద్ధం అయ్యాక హారిసన్ పై అధికారులకు రాసిన నివేదికలో క్రోగన్‌ను పొగిడాడు. ఇరవై ఒకటో ఏడు ఇప్పుడిప్పుడే దాటిన కుర్రవాడి చేతిలో ఓడిపోవడం ప్రాక్టర్‌కు పెద్ద తలవంపు అని రాశాడు.

ఫిరంగిపురం_బాబు:
పేరుకు తగ్గట్టు నేను ఫిరంగి గురించే మాట్లాడతా :) ఆ ఫిరంగికి ఓల్డ్ బెట్సీ అని పేరు. ఆరు పౌండ్ల గుండు వేసేది. యుద్ధం అయ్యాక ప్రభుత్వం దాన్ని తీసుకుపోయి ఆయుధాగారంలో పడేసింది. 1850ల మొదట్లో ఊరి మేయర్ బార్ట్‌లెట్ దాన్ని వెతికించి మాకు ఇచ్చేయండి అని పట్టుబట్టాడు. ఇచ్చారు. పంపించారు కూడా. అయితే పంపింది సాండస్కీ నగరానికి!

ఎందుకంటే ఒహాయోలో ఆ రోజుల్లో ఎటు చూసినా సాండస్కీలే. లోవర్ సాండస్కీ, అప్పర్ సాండస్కీ, సరస్సు ఒడ్డున ఉత్త సాండస్కీ (మీ సీడార్ పాయింట్ ఉన్నది అక్కడే). ఉత్తరాలు తారుమారవుతున్నాయనే 1849లో ఈ ఊరి పేరు ఫ్రీమాంట్ అని మార్చుకున్నారు. ఆ దరఖాస్తు వేసిన కుర్ర లాయర్ రూథర్‌ఫర్డ్ హేస్, తర్వాత 19వ ప్రెసిడెంట్. పేరు మార్చుకున్నా ఫిరంగి మాత్రం పాత దారే పట్టింది.

సాండస్కీవాళ్లకు అది భలే నచ్చింది. ఇవ్వడం ఇష్టంలేక ఒక కొట్టం కింద పాతిపెట్టేశారు. బార్ట్‌లెట్ మనుషుల్ని పెట్టి ఆరా తీసి, తవ్వించి, ఇంటికి తెచ్చుకున్నాడు. 1852 ఆగస్టు 2న జరిగిన ఉత్సవంలో అదే హీరో.

సుగుణ_సిన్సినాటి:
హహ్హ, పక్కూరి ఉత్సవ విగ్రహాన్ని ఎత్తుకెళ్లి దాచినట్టుంది.

లైబ్రరీ_పురుగు:
లైబ్రరీ ఎందుకు అక్కడుందో ఇంకా ఎవరూ చెప్పలేదు. హేస్‌ను పెంచిన మేనమామ సార్డిస్ బర్చర్డ్ ఫ్రీమాంట్‌లో పెద్ద వ్యాపారి. 1873లో లైబ్రరీ కోసం 50,000 డాలర్లు ఇచ్చాడు. అదే సమయంలో కోట స్థలం ఇళ్ల కింద పోకుండా ఊరూ, లైబ్రరీ ట్రస్టూ కలిసి కొన్నాయి. లేకపోతే ఈపాటికి అక్కడ ఏ బ్యాంకో, పార్కింగ్ స్థలమో ఉండేది. 1885 ఆగస్టులో స్తంభం ఆవిష్కరించారు. అప్పటికి పదవి దిగిపోయి అక్కడే ఉంటున్న హేస్ ఆ వేడుకలో ముఖ్యుడు.

సరిహద్దుల్లో ఇలాంటి దుంగల కోటలు వందలు కట్టారు. చాలావాటికి గుర్తుగా ఒక ఇనుప ఫలకం కూడా లేదు. ఇది మిగలడానికి యుద్ధం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. డబ్బున్న మేనమామ, ప్రెసిడెంట్ అయిన మేనల్లుడు, మొండి మేయర్, వీళ్లు ముగ్గురూ ఒకే ఊళ్లో ఉండటం వల్ల మిగిలింది.

రేగడి_నేల:
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. అందరూ బాగా రాశారు. అయితే ఇంతసేపటి చర్చలో ఆదివాసీలు "అడవిలో తిరుగుతున్నవాళ్లు"గానే కనిపించారు. లోవర్ సాండస్కీ అసలు వాయండాట్ల ఊరు. కోట కట్టకముందు ఎన్నో ఏళ్లుగా వాళ్లు అక్కడ మొక్కజొన్న పండించుకుంటూ బతికారు. ఈ యుద్ధంలో వాళ్లు రెండుగా చీలిపోయారు. సాండస్కీ వాయండాట్లు తమ పెద్ద టార్హే మాట విని అమెరికన్ల వైపు నిలిచారు. డెట్రాయిట్ దగ్గరి బంధువులు చాలామంది బ్రిటిష్ వైపు వెళ్లారు.

1813 సెప్టెంబర్ 10న ఈరీ సరస్సు మీద అమెరికన్ నౌకాదళ అధికారి పెర్రీ గెలిచాడు. అక్టోబర్ 5న కెనడాలో జరిగిన థేమ్స్ యుద్ధంలో టెకుమ్సే చనిపోయాడు. 1814 డిసెంబర్‌లో యుద్ధం ముగించిన ఘెంట్ సంధి. అందులో తొమ్మిదో క్లాజు ప్రకారం ఆదివాసీలకు 1811 నాటి హక్కులు, భూములు తిరిగి ఇవ్వాలి. అది కాగితం మీదే ఉండిపోయింది. 1817లో ఫోర్ట్ మెగ్స్ దగ్గర ఒప్పందం పెట్టి వాయవ్య ఒహాయో దాదాపు మొత్తం రాయించుకున్నారు. వాయండాట్లకు చిన్న రిజర్వులు (వాళ్ల కోసం విడిచిన భూములు) మిగిలాయి. 1843లో అవీ పోయి, పడమటికి వెళ్లిపోయారు. ఒహాయో నుంచి అలా కదిలించిన ఆఖరి తెగ వాళ్లే. అమెరికన్ల పక్షాన నిలబడినవాళ్ల గతి ఇది. స్తంభం మీద వీళ్ల ఊసు ఎంతుందో ఈసారి వెళ్లేవాళ్లు చూసి చెప్పండి.

మాజీ_హవల్దార్:
మీ బాధ అర్థమైంది. కానీ స్తంభం కట్టేది కోట కాపాడినవాళ్ల కోసం. అందులో అన్నీ రాయమంటే ఎలా?

రేగడి_నేల:
అన్నీ రాయమనట్లేదు సార్. కోట ఎవరి ఊళ్లో కట్టారో ఒక్క వాక్యం రాయమంటున్నా.

సుగుణ_సిన్సినాటి:
రేగడి_నేల గారి మాటే నాదీ. ప్రాజెక్టు చేసేటప్పుడు మావాడు "మరి ముందు అక్కడ ఎవరున్నారు" అని అడిగితే పిల్లల పుస్తకంలో జవాబు దొరకలేదు.

కొలంబస్_కుర్రాడు:
క్రోగన్ తర్వాత ఏమయ్యాడు? పెద్ద జనరల్ అయ్యాడా?

లైబ్రరీ_పురుగు:
ఆ కథ అంత వెలుగు కాదు. మర్నాటి ఏడాది, 1814 ఆగస్టు 4న మకినాక్ దీవి మీద దాడికి భూసైన్యాన్ని నడిపించి ఓడిపోయాడు. ఈసారి గుట్ట మీద కోటలో ఉన్నది బ్రిటిష్‌వాళ్లు, కింద నుంచి ఎక్కాల్సింది ఆయన. 1817లో సైన్యం వదిలేశాడు, న్యూ ఆర్లీన్స్‌లో పోస్ట్‌మాస్టర్‌గా చేశాడు, 1825లో ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా తిరిగి వచ్చాడు. ఇరవై ఏళ్లపాటు పడమటి సరిహద్దు కోటలన్నీ తిరిగి నివేదికలు రాశాడు. ఎక్కడ కప్పు కారుతోంది, ఎక్కడ సిపాయిలకు తుపాకీ పేల్చడం కంటే పొలం పనే ఎక్కువైంది అని మొహమాటం లేకుండా రాసేవాడు. నన్నడిగితే కందకం అరగంట కంటే ఆ నివేదికలే దేశానికి ఎక్కువ పనికొచ్చాయి.

తాగుడు ఎక్కువ. శిక్షించాలని కాగితాలు ప్రెసిడెంట్ జాక్సన్ దగ్గరికి వెళ్తే, క్రోగన్ రోజూ తాగనీ, ఆ ఖర్చు అమెరికా ప్రభుత్వమే పెట్టుకుంటుంది అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ జాక్సన్ నోటికి సరిపోయే మాటే. కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చింది 1835లో, అంటే యుద్ధం అయిన 22 ఏళ్లకు. 1849 జనవరి 8న న్యూ ఆర్లీన్స్‌లో కలరాతో చనిపోయాడు.

కెంటకీలో కుటుంబ శ్మశానంలో ఖననం చేశారు. 1906లో ఫ్రీమాంట్‌వాళ్లు అవశేషాలు తెప్పించుకుని ఆగస్టు 2నే స్తంభం దగ్గర మళ్లీ ఖననం చేశారు. మీరు చూసిన సమాధి అదే.

మాజీ_హవల్దార్:
ఇది నాకు మింగుడుపడలేదు. పుట్టిన ఇంటి మట్టిలో నిద్రపోతున్నవాణ్ణి లేపి, జీవితంలో కొద్ది వారాలే ఉన్న ఊరికి తీసుకురావడమా? ఊరికి గొప్ప, ఆయనకేం ఒరిగింది?

ఫిరంగిపురం_బాబు:
బెట్సీని తవ్వి తెచ్చుకున్న ఊరు కదా సార్, వాళ్లకది అలవాటే :)

కొలంబస్_కుర్రాడు:
ధన్యవాదాలు అందరికీ. మళ్లీ వెళ్తే ఏమేం చూడొచ్చు?

పాతచరిత్ర:
కందకం, కంచె ఇప్పుడు కనపడవు, పచ్చిక, చెట్లు, మీరు చూసినవే. అదే ఊళ్లో స్పీగెల్ గ్రోవ్ ఉంది, హేస్ ఇల్లు, సమాధి, 1916లో తెరిచిన మ్యూజియం. అసలు దుంగల కోట ఎలా ఉండేదో పిల్లలకు చూపించాలంటే పెర్రీస్‌బర్గ్ వెళ్లండి, గంటలోపు డ్రైవ్. అక్కడ ఫోర్ట్ మెగ్స్‌ను మళ్లీ కట్టారు. అక్కడ మీవాడు ఎక్కడానికి ఫిరంగులు బోలెడు, అయితే ఎక్కనివ్వరు.

రేగడి_నేల:
ఫోర్ట్ మెగ్స్ వెళ్తే 1817 ఒప్పందం గురించి గైడ్‌ను అడగండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి.

మాడరేటర్:
మంచి చర్చ. మకినాక్ గురించి, 1817 ఒప్పందం గురించి ఇన్‌బాక్స్‌లో చాలామంది అడుగుతున్నారు. వాటికి వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడ కొనసాగించండి. సమాధి తరలింపు మీద వాదన ఇక్కడే చేసుకోవచ్చు.